పాఠకుల ప్రశ్నలు: మొక్కల డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ చదివించే ముందు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఏడింటిని తీసుకున్నాం. అన్నీ మొక్కల సీక్వెన్సింగ్ గురించే, అంటే వాటి డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ అక్షరాలను వరుసగా చదివించడం గురించే. రాసినవారిలో రైతులు, విత్తనం పండించేవారు, విద్యార్థులు, అధ్యాపకులు ఉన్నారు.

ప్రశ్న: మాది పొదలకూరు మండలం. ఎనిమిదేళ్ల నిమ్మ తోట. రెండేళ్లుగా ఆకు పసుపు తిరుగుతోంది, కొమ్మలు కొసల నుంచి ఎండుకుంటూ వస్తున్నాయి. జింకు కొట్టాం. కొన్ని చెట్లు కోలుకున్నాయి, కొన్ని కోలుకోలేదు. డీఎన్‌ఏ సీక్వెన్సింగ్ చేయిస్తే రోగం తేలిపోతుందని మా అబ్బాయి అంటున్నాడు. చేయించమంటారా?
— నిమ్మ రైతు

జవాబు: ఇప్పుడే వద్దండి. సీక్వెన్సింగ్ అంటే ఊరంతా ఇంటింటికీ తిరిగి అందరి పేర్లూ రాసుకోవడం. పీసీఆర్ అంటే ఫలానా మనిషి ఈ ఊళ్లో ఉన్నాడా అని ఒక్క మాట అడగడం. నిమ్మలో ముందుగా అనుమానించాల్సినవి రెండే: బ్యాక్టీరియా వల్ల వచ్చే గ్రీనింగ్, వైరస్ వల్ల వచ్చే ట్రిస్టెజా. ఆ రెండింటికీ అడగాల్సిన మాట తెలుసు కాబట్టి పీసీఆర్ తరహా పరీక్ష చాలు. ఖర్చులో దానికీ సీక్వెన్సింగ్‌కీ పోలికే లేదు.

ముందు ఆకును చేతిలోకి తీసుకోండి. నడిమి ఈనెకు రెండు పక్కలా పసుపు ఒకేలా ఉండి, ఈనెలు మాత్రం పచ్చగా నిలిచి, లేత ఆకుల్లో ఎక్కువగా కనిపిస్తే అది జింకు లోపం. మీరు కొట్టిన మందుకు కోలుకున్న చెట్లు అవే అయ్యుంటాయి. పసుపు ఈనెలను లెక్కచేయకుండా మచ్చలు మచ్చలుగా పాకి, ఆకు ఎడమ సగం ఒకలా కుడి సగం ఒకలా ఉంటే గ్రీనింగ్‌ను అనుమానించాలి. లేత ఆకును వెలుగుకు ఎత్తి చూసినప్పుడు సన్న ఈనెల్లో తేటగా తునకలు తునకలుగా గీతలు కనిపించినా, కొమ్మ బెరడు ఒలిస్తే కర్ర మీద సన్నటి గుంటలు ఉన్నా ట్రిస్టెజా కావచ్చు. ఆ వైరస్‌ను పట్టుకోవడానికి ప్రపంచమంతా సూచిక మొక్కగా వాడేది మన పుల్ల నిమ్మనే.

నమూనా తీయడంలోనే చాలామంది పొరపాటు పడతారు. గ్రీనింగ్ బ్యాక్టీరియా ఆకంతా ఉండదు. ఆహారం మోసే గొట్టాల్లోనే ఉంటుంది, చెట్టులోనూ ఒక కొమ్మలో ఉండి పక్క కొమ్మలో ఉండకపోవచ్చు. అందుకే చెట్టుకు నాలుగు వైపుల నుంచీ మచ్చ ఉన్న ముదురు ఆకులు పది పన్నెండు, కాడతో సహా కోయండి. ల్యాబ్‌లో వాడాల్సింది ఆ కాడలు, నడిమి ఈనెలే. ఆకు రెక్క ముక్కలు వాడితే రోగం ఉన్న చెట్టుకు కూడా ‘లేదు’ అని ఫలితం రావచ్చు. ట్రిస్టెజాకు లేత చిగుళ్లు, లేత బెరడు కావాలి. అది ఆర్‌ఎన్‌ఏ వైరస్ కనుక మామూలు పీసీఆర్‌కు దొరకదు. ఆర్‌టీ-పీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి చేసే పీసీఆర్) లేదా ఎలీసా (వైరస్ ప్రొటీన్‌ను పట్టే పరీక్ష) అడగండి. రోహిణి కార్తె ఎండల్లో తీయకండి, అప్పుడు ఆ వైరస్ చెట్టులో బాగా తగ్గిపోయి ఉంటుంది. చలికాలపు చిగురు మేలు.

కోసిన ఆకుల్ని తడపకండి. పొడి కాగితంలో చుట్టి, జిప్ కవర్లో పెట్టి, ఐసు నేరుగా తగలకుండా ఐస్ పెట్టెలో ఉంచి మర్నాటికల్లా చేర్చండి. ఆరోగ్యంగా ఉన్న చెట్టు నుంచి కూడా ఒక కవరు తప్పక పంపండి. అది లేకపోతే వచ్చిన ఫలితాన్ని దేనితో పోల్చాలి? వెంకటగిరి దగ్గర పెట్లూరులో నిమ్మ పరిశోధన కేంద్రం ఉంది. వారికి ఆకులూ ఫొటోలూ ముందుగా చూపించండి.

ఈ పరీక్షలన్నీ ‘లేదు’ అని వచ్చి, రోగం మాత్రం చెట్టు నుంచి చెట్టుకు పాకుతూ ఉంటే అప్పుడు సీక్వెన్సింగ్‌కు అర్థం ఉంది. అప్పుడు కూడా ఒక జాగ్రత్త. మామూలు ఆర్‌ఎన్‌ఏ కిట్లు చివర పాలీ-ఎ తోక (వరుసగా ‘ఎ’ అక్షరాలు) ఉన్న ఆర్‌ఎన్‌ఏను మాత్రమే ఏరుకుంటాయి. ట్రిస్టెజా వైరస్‌ది సుమారు 19,300 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ, దానికి ఆ తోక లేదు. బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ సంగతీ దాదాపు అంతే. మొక్క రైబోజోమల్ ఆర్‌ఎన్‌ఏను (కణంలోని ఆర్‌ఎన్‌ఏలో ఎక్కువ భాగం ఇదే) తీసేసి మిగిలినదంతా చదివే పద్ధతి కావాలని ముందే అడగండి. అడగకపోతే డబ్బు కట్టి మరీ రోగకారకాన్ని బయట పారబోసినట్టు అవుతుంది.

ప్రశ్న: నెల్లూరులో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. నిమ్మ ఆకుల నుంచి సీట్యాబ్ (కణాలను విడగొట్టే డిటర్జెంటు) పద్ధతిలో డీఎన్‌ఏ తీస్తే జిగటగా, గోధుమ రంగులో వస్తోంది. నానోడ్రాప్‌లో (కాంతితో డీఎన్‌ఏ కొలిచే యంత్రం) 260/280 నిష్పత్తి (ప్రొటీన్ కల్తీని చూపేది) 1.8 వచ్చింది, 260/230 (ఫినాల్స్, చక్కెరల వంటి కల్తీని చూపేది) మాత్రం 0.6. సీక్వెన్సింగ్ చేసేవాళ్లు నమూనాలు వాపసు పంపారు. ఏం మార్చాలి?

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేరు వేరు జబ్బులున్నాయి. గోధుమ రంగు పాలీఫినాల్స్ (గాలి తగిలితే రంగు తిరిగే ఆకు పదార్థాలు) వల్ల వచ్చింది, జిగట పాలీశాకరైడ్ల (చక్కెర గొలుసుల జిగురు) వల్ల. మందులు కూడా వేరు.

రంగు సంగతి ముందు చూద్దాం. కల్వంలో నూరేటప్పుడు పొడి కరిగి తడైన క్షణంలోనే ఫినాల్స్ గాలి తగిలి డీఎన్‌ఏకు అంటుకుపోతాయి. ఆ తర్వాత ఎన్నిసార్లు కడిగినా వదలవు. ద్రవ నత్రజని ఆవిరైపోకముందే పొడి పూర్తి కావాలి, కల్వం అంచున తెల్లటి మంచు ఉండగానే పొడిని చల్లటి ట్యూబులోకి ఎత్తాలి. ట్యూబుకు 100 మి.గ్రా. మించకండి. ‘ఎక్కువ ఆకు వేస్తే ఎక్కువ డీఎన్‌ఏ’ అనుకోవడం ఈ పనిలో మొదటి తప్పు. బఫర్ పట్టలేనంత జిగురు వస్తుంది, అంతే. సీట్యాబ్ బఫర్లో ఫినాల్స్‌ను పట్టుకునే పీవీపీ 2 శాతం ఉండాలి. ఫినాల్స్ రంగు తిరగకుండా ఆపే బీటా మెర్కాప్టోఇథనాల్‌ను 0.2 నుంచి 1 శాతం వరకు వాడే రోజునే, ఫ్యూమ్ హుడ్ కింద కలపండి. నిరుడు కలిపిన సీసా పనికిరాదు.

ఇక జిగట. సీట్యాబ్‌కు ముందు సార్బిటాల్ కడుగు పెట్టండి: 0.35 మోలార్ సార్బిటాల్, 100 మిల్లీమోలార్ ట్రిస్, 5 మిల్లీమోలార్ ఈడీటీఏ, 1 శాతం పీవీపీ. పొడిలో 1 మి.లీ. పోసి కలిపి, 5,000 జి వద్ద 5 నిమిషాలు తిప్పి, పైన తేరిన ద్రవాన్ని వంపేయండి. వంపేటప్పుడు గమనించండి: మొదటిసారి అది కోడిగుడ్డు తెల్లసొనలా తీగ సాగుతూ జారుతుంది. నీళ్లలా పడేవరకూ కడగాలి. నిమ్మకు సాధారణంగా రెండు మూడుసార్లు పడుతుంది.

తర్వాత 65 డిగ్రీలకు వేడి చేసి ఉంచిన సీట్యాబ్ బఫర్ 1 మి.లీ. పోసి, మధ్య మధ్య తలకిందులు చేస్తూ 45 నిమిషాలు ఉంచండి. ఆ బఫర్లో సీట్యాబ్ 2 శాతం, ట్రిస్ 100 మిల్లీమోలార్ పీహెచ్ 8, ఈడీటీఏ 20 మిల్లీమోలార్, ఉప్పు 1.4 మోలార్. చల్లారాక క్లోరోఫామ్, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1 మిశ్రమం సమాన పరిమాణంలో కలిపి 10 నిమిషాలు నెమ్మదిగా తిప్పి, 12,000 జి వద్ద 10 నిమిషాలు గది వేడిలోనే సెంట్రిఫ్యూజ్ చేయండి. సెంట్రిఫ్యూజ్‌ను 4 డిగ్రీల్లో పెట్టారంటే సీట్యాబ్ గడ్డకట్టి డీఎన్‌ఏతో పాటు అడుగుకు దిగుతుంది. పై పొరను తీసేటప్పుడు చివరి 100 మైక్రోలీటర్లు వదిలేయండి. ఆ కొంచెం కోసం ఆశపడితే మధ్య పొరలోని తెల్లటి తెట్టు పిపెట్‌లోకి వస్తుంది. ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఆర్‌ఎన్‌ఏస్-ఎ ఎంజైము వేసి 37 డిగ్రీల్లో అరగంట ఉంచి, క్లోరోఫామ్ మరోసారి పెట్టండి.

ఇప్పుడు అసలు కిటుకు. తీసిన ద్రవానికి సగం పరిమాణం 5 మోలార్ ఉప్పు ద్రావణం కలిపి, ఆ తర్వాత రెండింతల చల్లటి ఇథనాల్ పోయండి. ఉప్పు అంత ఎక్కువగా ఉన్నప్పుడు పాలీశాకరైడ్లు చాలావరకు కరిగే ఉంటాయి, డీఎన్‌ఏ మాత్రం దిగుతుంది. మైనస్ 20 డిగ్రీల్లో 20 నిమిషాలు చాలు. రాత్రంతా వదిలేస్తే జిగురు కూడా దిగి మళ్లీ మొదటికొస్తుంది. ఉప్పు పోవడానికి 70 శాతం ఇథనాల్‌తో రెండుసార్లు కడిగి, పెల్లెట్ అంచు ఇంకా తడిగా మెరుస్తుండగానే ట్రిస్‌లో కరిగించండి. బాగా ఎండితే తిరిగి కరగదు.

కొలత విషయంలో నానోడ్రాప్‌ను ఒక్కదాన్నే నమ్మకండి. అది ఆర్‌ఎన్‌ఏను, విడి న్యూక్లియోటైడ్లను కూడా డీఎన్‌ఏగా లెక్కేస్తుంది. డీఎన్‌ఏకు అంటి వెలిగే రంగుతో కొలిచే క్యూబిట్ యంత్రం వాడండి. నానోడ్రాప్ 200, క్యూబిట్ 40 చూపిస్తే మీ దగ్గర ఉన్నది 40. రెండూ దగ్గర దగ్గరగా వచ్చి, 260/230 నిష్పత్తి 1.8 దాటి, జెల్ మీద డీఎన్‌ఏ పైన ఒకే పట్టీగా నిలిస్తే పంపండి. చిన్న రీడ్ల (యంత్రం ఒక్కోసారి చదివే ముక్కలు) సీక్వెన్సింగ్‌కు 1 మైక్రోగ్రాము ఉంటే నిశ్చింత. పొడవు రీడ్లకైతే వోర్టెక్స్ (ట్యూబును గట్టిగా కుదిపే యంత్రం) మాట మరచిపోండి, కొన కత్తిరించిన వెడల్పు టిప్పులే వాడండి.

ద్రవ నత్రజని దొరకకపోతే లేత ఆకుల్ని తోటలోనే సిలికా జెల్‌లో ఎండబెట్టండి. ఆకు బరువుకు పదింతల జెల్ వేసి, నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే వెంటనే మార్చండి. సముద్రపు గాలికి మన దగ్గర అవి తొందరగా తిరుగుతాయి. ఈ ఎండు ఆకు డీఎన్‌ఏకు బాగా పనికొస్తుంది, ఆర్‌ఎన్‌ఏకు పనికిరాదు. కుండీ మొక్కలైతే కోతకు ముందు ఒకటి రెండు రోజులు చీకట్లో ఉంచితే పిండిపదార్థం తగ్గుతుంది.

ప్రశ్న: డీఎన్‌ఏ చదివించిన మొక్క జన్యుమార్పిడి మొక్క అయిపోతుందా? ఆ విత్తనం తినొచ్చా?
— మార్కాపురం

జవాబు: అవదండి. కోసిన ఆకు ముక్కలోని అక్షరాలను చదువుతారు, పొలంలోని మొక్కను ఎవరూ ముట్టుకోరు. రక్తపరీక్ష చేయించుకుంటే మనిషి మారడు కదా. చదవడం వేరు, మార్చడం వేరు. 2025 మేలో కేంద్రం ప్రకటించిన డీఆర్‌ఆర్ ధాన్ 100 వరి రెండో కోవకు చెందినది. సాంబ మసూరిలో జన్యువును సవరించి హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ దాన్ని తయారుచేసింది.

ప్రశ్న: ఒంగోలు నుంచి రాస్తున్నాను, పరిశోధక విద్యార్థిని. శనగలో ఎండు తెగులు మీద ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ చేయాలనుకుంటున్నాను. తట్టుకునే రకం డబ్ల్యూఆర్ 315, లొంగిపోయే రకం జేజీ 62. రెండింట్లో తెగులు పెట్టినవి, పెట్టనివి, మొత్తం నాలుగు నమూనాలు. ఒక్కో నమూనాలో మూడు మొక్కల వేళ్లు కలుపుతాను. ఒక్కో నమూనాకు 4 కోట్ల రీడ్ జతలు (ఒక్కో ముక్కను రెండు కొసల నుంచీ చదివినవి) తీసుకునేందుకు డబ్బు సరిపోతుంది. సరేనా?

జవాబు: రకాల ఎంపిక బాగుంది, అమరిక మాత్రం మార్చాలమ్మా. ఇలాగే వెళ్తే డేటా వస్తుంది, సమాధానం రాదు. మూడు మొక్కలు కలిపి ఒక ట్యూబులో వేస్తే లెక్కకు అది ఒక్కటే. ఒక మొక్కకూ ఇంకో మొక్కకూ సహజంగా ఉండే తేడా ఎంతో మీకు తెలియదు. అది తెలియనప్పుడు కనిపించిన తేడా తెగులు వల్లనో, ఆ కుండీకి నీళ్లు తక్కువ పడడం వల్లనో చెప్పలేరు.

డబ్బును లోతు (ఒక్కో నమూనాకు తీసే రీడ్లు) నుంచి తీసి నమూనాల సంఖ్యలో పెట్టండి. 4 కోట్లు అక్కర్లేదు, 2 కోట్ల రీడ్ జతలు చాలు. ఒక్కో స్థితికి విడివిడిగా నాలుగు నమూనాలు తీయండి. మొక్కలు చిన్నవైతే ప్రతి నమూనాలో మూడు వేళ్లు కలపవచ్చు, కానీ అలాంటి ట్యూబులు నాలుగు ఉండాలి. రెండు రకాలు, రెండు స్థితులు, నాలుగేసి చొప్పున 16. ఒక్కోటి 150 అక్షరాల జతలైతే నమూనాకు 600 కోట్ల అక్షరాలు, అంటే 6 గిగాబేసులు, మొత్తం 96. అయినా బడ్జెట్ పట్టకపోతే స్థితికి మూడుకు దిగండి, అంతకు తగ్గకండి. చాలామంది 24, 48, 72 గంటలంటూ సమయాలు పెంచుతారు. నమూనాలు తగ్గించి సమయాలు పెంచడం కంటే ఒక్క సమయాన్ని గట్టిగా చేయడం మేలని మా అభిప్రాయం. ఏ సమయమో ముందు చిన్న క్యూఆర్‌టీ-పీసీఆర్ (ఎంచుకున్న జన్యువుల ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచే పీసీఆర్) ప్రయోగంతో తేల్చుకోండి.

‘పెట్టనివి’ అంటే ముట్టుకోనివి కాకూడదు. తెగులు పెట్టేందుకు వేరు కత్తిరించి శిలీంధ్ర ద్రావణంలో ముంచితే, వీటిని కూడా అదే చోట కత్తిరించి, అదే సేపు శుభ్రమైన నీళ్లలో ముంచి నాటాలి. లేకపోతే గాయానికి మొక్క ఇచ్చిన స్పందనను తెగులు ఖాతాలో రాసుకుంటారు.

వేళ్లు తీసే గంట కూడా ముఖ్యం. మొక్కలో వేల జన్యువులు పొద్దును బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. తెగులు మొక్కల్ని పొద్దున పదింటికి, మిగతావాటిని భోజనం తర్వాత తీస్తే మీరు కొలిచేది పొద్దు తేడాను. ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని, నాలుగు స్థితుల నుంచీ ఒక్కోటి వంతులవారీగా తీస్తూ గంటలో ముగించండి. వేరును నీళ్లలో నిమిషం లోపు ఝాడించి, ఒత్తి, ద్రవ నత్రజనిలో వేయాలి. మట్టి మిగిలితే అందులోని హ్యూమిక్ ఆమ్లాలు లైబ్రరీ (యంత్రంలో చదవడానికి సిద్ధం చేసిన ముక్కలు) తయారీ ఎంజైములను ఆపేస్తాయి. అలాగని ఐదు నిమిషాలు కడిగితే కడుగుడుకే జన్యువులు స్పందిస్తాయి. ఆర్‌ఎన్‌ఏ తీయడంలోనూ అంతే: ఒకరోజు తెగులువన్నీ, మర్నాడు మిగతావన్నీ చేయకండి. ప్రతిరోజూ నాలుగు స్థితుల నుంచీ ఒక్కోటి చేయండి. మిగిలిన డీఎన్‌ఏను తొలగించే డీఎన్‌ఏస్ ఎంజైము వేయడం మరవకండి. ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో పదికి చెప్పే ఆర్‌ఐఎన్ అంకె 7 దాటితే వేళ్లకు బాగుంది. ఆకుల్లో క్లోరోప్లాస్టు రైబోజోమల్ పట్టీలు కూడా ఉండడం వల్ల ఆ అంకె తక్కువ చూపిస్తుంది, అప్పుడు గ్రాఫు చూసి నిర్ణయించాలి.

లెక్కల దగ్గర మూడు గుంటలున్నాయి. శనగ జన్యుక్రమం ఇక్రిశాట్ నాయకత్వంలో 2013లో వెలువడింది, అందులో 28,269 జన్యువులు గుర్తించారు. పి విలువ (తేడా లేకున్నా యాదృచ్ఛికంగా ఇంత తేడా కనిపించే అవకాశం) 0.05తో వడపోస్తే అసలు తేడాయే లేకపోయినా దాదాపు 1,400 జన్యువులు ‘మారినట్టు’ కనిపిస్తాయి. కాబట్టి ఎఫ్‌డీఆర్ (జాబితాలో తప్పుడు ఫలితాల వాటాను అదుపు చేసే లెక్క) సవరణ తర్వాతి విలువనే చూడండి. రెండోది, జన్యువుల తేడా లెక్కించే డీసీక్2 ప్రోగ్రాముకు ముడి లెక్కలే ఇవ్వాలి, ముందే సర్దుబాటు చేసిన ఎఫ్‌పీకేఎం, టీపీఎం అంకెలు ఇవ్వకూడదు. మూడోది అన్నిటికన్నా పెద్దది. డబ్ల్యూఆర్ 315, జేజీ 62 రెండూ తెగులు లేకున్నా వేల జన్యువుల్లో తేడాగా ఉంటాయి. తెగులు పెట్టిన రెండింటిని నేరుగా పోల్చి జాబితా తీస్తే అందులో సగం రకాల తేడాయే. మోడల్‌లో రకం, తెగులు, రెండింటి పరస్పర ప్రభావం మూడూ పెట్టి, ఆ మూడో పదాన్ని చూడండి. ‘తెగులుకు ఈ రెండు రకాలూ వేరుగా స్పందించిన జన్యువులు ఏవి’ అన్నదే కదా మీ ప్రశ్న.

రీడ్లను శనగ, ఫ్యుసేరియం (ఎండు తెగులు తెచ్చే శిలీంధ్రం) జన్యుక్రమాలు రెండూ కలిపిన రెఫరెన్సుకు అమర్చండి. జేజీ 62 వేళ్లలో శిలీంధ్రం ఆర్‌ఎన్‌ఏ ఎంత వచ్చిందో తెలుస్తుంది, తెగులు నిజంగా పట్టిందనడానికి అదే సాక్ష్యం. ఆఖరున క్యూఆర్‌టీ-పీసీఆర్‌తో సరిచూసేటప్పుడు అదే ఆర్‌ఎన్‌ఏ వాడితే యంత్రాన్ని సరిచూసినట్టే, జీవశాస్త్రాన్ని కాదు. కొత్తగా పెంచిన మొక్కలు వాడండి.

ప్రశ్న: కోవూరు దగ్గర కొందరం కలిసి పాత మొలగొలుకులు వరిని మళ్లీ పండిస్తున్నాం. మా దగ్గరున్న విత్తనం అసలుదేనా, కలగలుపా అన్నది డీఎన్‌ఏతో చెప్పగలరా?

జవాబు: చెప్పవచ్చు, పూర్తి జన్యుక్రమం మాత్రం అక్కర్లేదు. కొన్ని పదుల ఎస్‌ఎస్‌ఆర్ లేదా ఎస్‌ఎన్‌పీ గుర్తులు (రకానికీ రకానికీ తేడా చూపే డీఎన్‌ఏ చోట్లు) చాలు. దేనితో పోల్చాలన్నదే అసలు చిక్కు. జన్యు బ్యాంకులోనో, పరిశోధన కేంద్రంలోనో ఆ పేరుతో భద్రపరిచిన విత్తనం రెఫరెన్సుగా కావాలి. అది లేకుంటే ‘మీ గింజలన్నీ ఒకే రకం’ అని చెప్పగలరే గానీ, ‘ఇది మొలగొలుకులే’ అని చెప్పలేరు. పైగా పాత నాటు రకం అచ్చు పోసినట్టు ఒక్కలా ఉండదు. తరతరాలుగా రైతుల చేతుల్లో నడిచిన విత్తనంలో కొద్దిపాటి తేడాలు దాని సహజగుణం. వాటిని కల్తీ అనకూడదు.

గింజలన్నీ కలిపి నూరి పంపకండి. అలా పంపితే పదో వంతు కలిసిన వేరే రకం లెక్కలో కలిసిపోయి కనిపించదు. మొలకెత్తించి, పది రోజుల మొక్కల నుంచి విడివిడిగా ఆకు తీయాలి. బస్తాలో 10 శాతం కలగలుపు ఉంటే దాన్ని 95 శాతం నమ్మకంతో పట్టడానికి 29 మొక్కలు కావాలి, 5 శాతమైతే 59. ఆ గింజలు కూడా ఒక బస్తా పైనుంచి గుప్పెడు తీసినవి కాకూడదు. అన్ని బస్తాల పైనుంచీ, నడుమ నుంచీ, అడుగు నుంచీ తీసి కలిపిన వాటిలోంచి ఉండాలి.

మరో పాఠకుడు ఎన్‌ఎల్‌ఆర్ 34449 వరి రకంలో అగ్గితెగులును తట్టుకునే జన్యువు ఎక్కడుందో వెతకడం ఎలా అని అడిగారు. దానికి రెండు కొసల మొక్కల గుంపుల డీఎన్‌ఏను పోల్చి చూసే క్యూటీఎల్-సీక్ సరైన దారి. 2013లో ఆ పద్ధతిని మొదట ప్రకటించినప్పుడు చూపించిన ఉదాహరణల్లో వరి అగ్గితెగులు కూడా ఉంది. తెగులుకు లొంగే రకంతో సంకరం చేసి, రెండో తరంలో కనీసం 200 మొక్కలు పెంచి, బాగా తట్టుకున్నవి 20, బాగా దెబ్బతిన్నవి 20 ఏరి, రెండు గుంపులుగా చదివిస్తారు. 20 మొక్కలంటే 40 క్రోమోజోమ్ ప్రతులు, కాబట్టి లోతు (ఇక్కడ ఒక్కో చోటును ఎన్నిసార్లు చదివారన్నది) 40 రెట్లకు తగ్గకూడదు. వరి జన్యుక్రమం సుమారు 40 కోట్ల అక్షరాలు కనుక గుంపుకు 16 గిగాబేసులు. ప్రతి మొక్క డీఎన్‌ఏనూ క్యూబిట్‌తో కొలిచి సమానంగా కలపాలి. ఇది చెడేది ఎక్కువగా పొలంలోనే. తెగులు సోకకుండా తప్పించుకున్న మొక్కను తట్టుకున్న మొక్కగా రాసుకుంటే గుంపు మొత్తం పాడవుతుంది. పుష్యమాసపు చలి రాత్రుల్లో, మంచు పడే రోజుల్లో, చుట్టూ లొంగే రకం వరుసలు నాటి, రెండుసార్లు మార్కులు వేయండి. ఒక్కో రెండో తరం మొక్క నుంచి మూడో తరం వరుస పెంచి సరిచూస్తే ఇంకా నయం.

ప్రశ్న: మా డిగ్రీ కళాశాలలో ఉన్నది 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్. డేటా వచ్చాక దానిమీద పని అవుతుందా?
— అధ్యాపకుడు, కందుకూరు

జవాబు: పంటను బట్టి ఉంటుందండి. వరి డీఎన్‌ఏ రీడ్లను బీడబ్ల్యూఏ ప్రోగ్రాముతో జన్యుక్రమం మీద అమర్చడం నిదానంగానైనా అవుతుంది. ఆర్‌ఎన్‌ఏ లెక్కలకు సాల్మన్ ప్రోగ్రాము వాడితే శనగ, వరి రెండూ అవుతాయి. మిరప జన్యుక్రమం సుమారు 350 కోట్ల అక్షరాలు. ఆర్‌ఎన్‌ఏ రీడ్లను అమర్చే స్టార్ ప్రోగ్రాముకు దానితో 30 జీబీ పైనే ర్యామ్ కావాలి, ల్యాప్‌టాప్ మధ్యలో ఆగిపోతుంది. అలాంటప్పుడు గెలాక్సీ సర్వర్లో ఉచిత ఖాతా తెరిచి బ్రౌజర్ నుంచే నడపండి. విద్యార్థులకు నేర్పడానికి కూడా అదే అనువు.

డేటా రాగానే విశ్లేషణకు తొందరపడకండి. కంపెనీ ఇచ్చిన ఎండీ5 సంఖ్యలతో (ఫైలు చెడకుండా వచ్చిందో లేదో చూపే గుర్తు) ప్రతి ఫైలునూ సరిచూడండి. సగం దిగిన ఫైలు కూడా కొన్ని ప్రోగ్రాముల్లో తప్పు చూపకుండానే నడిచిపోతుంది. రీడ్లు ఉండే ముడి ఫాస్ట్‌క్యూ ఫైళ్లను రెండు వేరు వేరు డిస్కుల్లో, రెండు వేరు గదుల్లో ఉంచండి. రీడ్ల నాణ్యత చూపే ఫాస్ట్‌క్యూసీ ప్రోగ్రాములో ఆర్‌ఎన్‌ఏ రీడ్ల మొదటి పన్నెండు అక్షరాల దగ్గర గీతలు ఎగుడుదిగుడుగా కనిపిస్తే కంగారుపడి కత్తిరించకండి. లైబ్రరీ తయారీలో వాడే ప్రైమర్ల వల్ల అది మామూలే. అడాప్టర్ (లైబ్రరీ తయారీలో ముక్కల కొసలకు అతికించిన తునక) గీత చివర్లో పైకి లేస్తే మాత్రం దాన్ని ఫాస్ట్‌పీ ప్రోగ్రాముతో తీసేయాలి. ట్యూబుల మీద ‘సి1, సి2’ అని రాయడం మాన్పించండి. ‘సి’ అంటే కంట్రోలా, చిక్‌పీయా అన్నది ఆరు నెలల తర్వాత రాసినవారికే గుర్తుండదు. రకం, స్థితి, మొక్క సంఖ్య, కోసిన తేదీ, గంట నోటుబుక్కులో ఒక వరుసలో రాసి, ఆ వరుస సంఖ్యను ట్యూబు మూత మీదా పక్కనా రెండుచోట్లా రాయించండి. ఇథనాల్ చుక్క పడితే మామూలు మార్కరు చెరిగిపోతుంది, చెరగని రకం కొనండి.